డ్యామ్ తెగిన వరద పొలాల్లో వదిలిన మేటను చదవడం ఎలా

2021 నవంబర్ 19, కార్తీక పౌర్ణమి రోజులు. తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు నది మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పైనున్న పింఛ ప్రాజెక్టు నుంచి వచ్చిన వరద, కొండల్లో పడ్డ కుండపోత వాన కలిసి కట్ట మీదుగా పొర్లాయి, మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే ఇక అది ఎంతోసేపు నిలబడదు. నిండితే 2.24 టీఎంసీలు, అంటే 6 కోట్ల ఘనమీటర్లకు పైగా నీళ్లు పట్టే జలాశయం అది. కింద పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు లాంటి ఊళ్లు మనుషుల్ని, పశువుల్ని, ఇళ్లని పోగొట్టుకున్నాయి. నందలూరు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక చూస్తే పొలాల నిండా ఇసుక మేట.

ఆ ఇసుకను తీసేయాల్సిన బరువుగానే అందరూ చూస్తారు, రైతుకు అది న్యాయమే. కానీ ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తున, ఎంత వేగంతో, ఎన్ని విడతల్లో వచ్చాయో చెప్పే సాక్ష్యం కూడా అందులోనే ఉంది. అంత పెద్ద వరదలో నది కొలతలు తీసే గేజీలు కొట్టుకుపోతాయి, లేదా మునిగిపోతాయి. మేట మాత్రం మిగులుతుంది, అదీ కొన్ని నెలలే. జేసీబీ వచ్చిందంటే అయిపోయినట్టే. జియాలజీ, సివిల్, అగ్రికల్చర్ చదివే పిల్లలు, ఊళ్లో ఉండి ఆసక్తి ఉన్నవాళ్లు ఖరీదైన పరికరాలు లేకుండానే దీన్ని ఎలా నమోదు చేయొచ్చో చెప్తాను. చెయ్యేరునే ఉదాహరణగా పెట్టుకుందాం. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడి తెలంగాణలోనూ, కింద ఏలూరు జిల్లా వైపూ పొలాలు ఇసుకతో నిండినప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొచ్చేది.

ముందు మనుషులు, తర్వాత మట్టి

సహాయక చర్యలు నడుస్తుండగా వెళ్లకండి. వెతుకులాట పూర్తయి, జనం ఇళ్లు కడుక్కోవడం మొదలుపెట్టాక వెళ్లండి, కానీ అంతకంటే ఆలస్యం చేయకండి. తహసీల్దార్ ఆఫీసులో ఒక ఉత్తరం ఇచ్చి, పంచాయతీలో చెప్పి, పొలం ఎవరిదో వాళ్లని అడిగి అప్పుడు అడుగు పెట్టండి. నది పక్క కొండవాలు అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. ఎర్రచందనం ఉన్న ప్రాంతంలో సంచి, పలుగు పట్టుకుని తిరిగే కొత్త మనిషిని ఎవరైనా ఆపి అడుగుతారు. ఇసుక సంచులు బండిలో ఉంటే ఇంకా అడుగుతారు, కాబట్టి కాలేజీ నుంచి గానీ మండలాఫీసు నుంచి గానీ ఒక కాగితం జేబులో ఉంచుకోండి.

ఊళ్లో మాట్లాడేటప్పుడు వాళ్లు పోగొట్టుకున్నదాని గురించి ముందు వినండి, టేపు బయటికి తీయడానికి తొందర లేదు. "నీళ్లు ఎన్ని మీటర్లు వచ్చినాయన్నా" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "మోకాలి దాకానా, నడుము దాకానా, గొంతు దాకానా, యాడ నిలబడి చూసినావన్నా" అని అడిగితే ఆ చోటికి తీసుకెళ్లి మరీ చూపిస్తారు. మూడు ప్రశ్నలు మర్చిపోవద్దు. మొదట వచ్చిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయి? నీళ్లు ఒకేసారి పెరిగాయా, ఒకసారి పెరిగి ఆగి మళ్లీ పెరిగాయా? ఇసుక ఎప్పుడు కనబడింది, నీళ్లు తీస్తున్నప్పుడా, పూర్తిగా పోయాకా? ఈ జవాబుల్ని రేపు గుంత గోడలో కనబడే పొరలతో పోల్చి చూస్తారు. ఈ పనిలో అసలు విలువ ఈ పోల్చడంలోనే ఉందని నా నమ్మకం. పొరలు ఒక్కటే చూసిన మనిషికి గంటలు తెలియవు, కథ ఒక్కటే విన్న మనిషికి లోతు తెలియదు.

ఇంట్లో కూర్చుని చేయాల్సింది

గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల బొమ్మలు, వరద తర్వాతి బొమ్మలు పక్కపక్కన పెట్టండి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, 10 మీటర్ల స్పష్టత ఉంటుంది, కొత్త ఇసుక తెల్లగా మెరుస్తూ ఇట్టే కనబడుతుంది. మబ్బులుంటే సెంటినెల్-1 రాడార్ బొమ్మలు చూడండి. తెగిన కట్ట నుంచి కిందికి నదిని గీసుకుని నాలుగు రకాల చోట్లు గుర్తు పెట్టుకోండి: గండికి వెంటనే కింద, నది ఇరుకు కొండల నుంచి మైదానంలోకి వచ్చే చోటు, వంకల ముఖద్వారాలు, ఊళ్ల పక్క పొలాలు.

ఇన్ని చోట్లు ఎందుకంటే ఒక్క చోటు చూసి మొత్తం వరద గురించి చెప్పడం చాలామంది చేసే తప్పు. అమెరికాలో కొలరాడో కొండల్లో 1982 జూలై 15న లాన్ లేక్ అనే చిన్న డ్యామ్ తెగింది. నీళ్లు నిటారు వాలులో దూసుకొచ్చి, లోయ వెడల్పైన చోట మోసుకొచ్చిన రాళ్లనన్నిటినీ ఒక్కసారిగా వదిలేశాయి. దాదాపు 42 ఎకరాల్లో, గరిష్ఠంగా 44 అడుగుల మందాన రాళ్ల గుట్ట విసనకర్ర ఆకారంలో పరుచుకుంది. ఆ గుట్ట ఒక్కటే చూసినవాడు కింద ఊళ్లో నడుము లోతు బురద నీళ్లు ఎలా పారాయో ఊహించలేడు.

సామాను

పార, పలుగు, తాపీ, 5 మీటర్ల టేపు, 30 మీటర్ల టేపు, నీళ్లు చల్లే స్ప్రే సీసా, గట్టి ప్లాస్టిక్ కవర్లు, పర్మనెంట్ మార్కర్, సెల్లో టేపు, పెన్సిల్, గీతల నోట్‌బుక్, దిక్సూచి, జీపీఎస్ ఉన్న ఫోను. ఫోను ఎత్తు చూపించే అంకెను నమ్మకండి, చాలా తేడా వస్తుంది. ఎత్తుకు తాపీమేస్త్రీలు వాడే నీళ్ల పైపు మట్టం చాలు, వీలుంటే కాలేజీ నుంచి ఆటో లెవెల్ తెచ్చుకోండి.

జాగ్రత్తలు తేలిగ్గా తీసుకోవద్దు. పైకి ఎండినట్టు కనబడే బురద కింద మెత్తగా ఉంటుంది, కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి. మేటలో రేకులు, గాజుపెంకులు, ముళ్లతీగ, పాములు ఉంటాయి, మోకాలి దాకా బూట్లు వేసుకోండి. తెలియని లోహపు వస్తువును ముట్టకండి. 2023 అక్టోబర్‌లో సిక్కింలో హిమానీనద సరస్సు తెగి తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ డ్యామ్‌ను కొట్టేసినప్పుడు సైన్యానికి చెందిన మందుగుండు కూడా కొట్టుకుపోయింది, కింద జల్పాయిగురి ప్రాంతంలో అందులో ఒకటి పేలి ప్రాణం పోయింది.

మొదట గోడల మీది చారలు

తవ్వకం కంటే ముందు నీటి ఎత్తు గుర్తులు కొలవండి, ఒక వాన పడితే, ఒక సున్నం పూత పడితే ఇవి పోతాయి. గోడ మీద బురద చార, కంచెకు చిక్కిన గడ్డి, చెట్టు కొమ్మల్లో వేలాడే గుడ్డపీలికలు, ఇంటి లోపలి గోడ మీద తడి గీత. ఇందులో ఇంటి లోపలి గీతే నమ్మదగింది. బయట ప్రవాహానికి ఎదురుగా ఉన్న గోడ మీద నీళ్లు ఎగజిమ్మి అసలు మట్టం కంటే పైకి వెళ్తాయి, చెట్టు కొమ్మేమో ప్రవాహానికి వంగి తర్వాత లేచి ఉండొచ్చు. ప్రతి గుర్తుకూ ఫొటో, జీపీఎస్, నేల నుంచి ఎత్తు, అది ఏ రకం గుర్తో రాసుకోండి. ఆ 'నేల' పాత నేలా, మేట పైభాగమా అన్నది కూడా రాయాలి. ఇంటి ముందు 2 అడుగుల ఇసుక ఉంటే మీ కొలతలో 2 అడుగులు మాయమైపోతాయి.

గుంత తవ్వడం, గోడ చదవడం

తీరిగ్గా చేయాల్సిన పని ఇది. నది గట్టు నుంచి పొలాల్లోకి అడ్డంగా ఒక గీత అనుకుని, దాని మీద ప్రతి 20, 30 మీటర్లకూ ఒక గుంత తవ్వండి. నదికి దూరం వెళ్లే కొద్దీ మేట పలచబడుతుంది, రేణువు సన్నబడుతుంది. ఆ తగ్గుదల ఒక్కసారిగా ఉందా, మెల్లగా ఉందా అన్నది నీళ్లు గట్టు దాటి ఎంత జోరుగా పొలంలో పడ్డాయో చెప్తుంది.

పాత నేల తగిలేదాకా తవ్వాలి. పాత నేల ఎలా తెలుస్తుందంటే వేర్లు, వరి మొదళ్లు, పేడ, నల్లటి గట్టి మట్టి వస్తాయి. ఇసుక కింద పడుకున్న వరి దంట్లు దొరికితే అదృష్టం అనుకోండి, అవి ఎటు వంగాయో దిక్సూచితో కొలవండి, నీళ్లు ఆ చోట మొదట ఎటు పారాయో అంతకంటే గట్టి రుజువు ఉండదు. ఇసుక గోడలు చెప్పకుండా కూలతాయి కాబట్టి నడుము లోతు దాటి నిటారుగా తవ్వొద్దు, ఇంకా లోతు కావాలంటే మెట్లుమెట్లుగా తవ్వండి, ఒంటరిగా గుంతలోకి దిగొద్దు. రైతు కట్టుకున్న కాలువ గట్టో, నది కోసుకుపోయిన ఒడ్డో ఉంటే తవ్వే పనే లేదు, తాపీతో గీకి శుభ్రం చేస్తే చాలు.

సూర్యుడికి ఎదురుగా లేని గోడను ఎంచుకుని నున్నగా గీకండి. కొద్దిగా నీళ్లు చల్లితే పొరలు బయటపడతాయి, ఎందుకంటే సన్న మట్టి తడిని పట్టుకుంటుంది, ముతక ఇసుక త్వరగా ఆరిపోతుంది. టేపు వేలాడదీసి, ఫొటో తీసి, ఆ తర్వాత చేత్తో బొమ్మ గీయండి. ఫొటో ఉంది కదా అని బొమ్మ మానొద్దు, గీసేటప్పుడే కన్ను నిజంగా చూస్తుంది.

ప్రతి పొరకూ రాసుకోవాల్సినవి: మందం, రంగు, రేణువు పరిమాణం, కింది పొరతో గీత పదునుగా ఉందా కలిసిపోయిందా, లోపల ఏమున్నాయి. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడేది ఇసుక, పిండిలా జారేది ఒండ్రు, సబ్బులా జిగురుగా అంటుకునేది బంక. ప్రతి పొర నుంచి చిటికెడు తీసి సెల్లో టేపుకు అంటించి, నోట్‌బుక్‌లో ఆ పొర పక్కనే అతికించేయండి. ఇంటికొచ్చాక భూతద్దంతో చూసుకోవచ్చు, ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది.

పొర అడుగున ముతకగా, పైకి పోయే కొద్దీ సన్నగా ఉంటే అక్కడ నీళ్లు నెమ్మదించాయని. అడుగు గీత పదునుగా, పాత నేలను కోసినట్టు ఉంటే నీళ్లు మొదట కోత కోసి తర్వాత మేట వేశాయని. ఇసుకలో ఏటవాలు పొరలు కనబడితే అవి వాలిన వైపే ప్రవాహ దిశ. ఇసుక మధ్యలో బంకమట్టి పెళ్లలు గుండ్రంగానో పలకలుగానో దొరికితే అవి ఎక్కడో గట్టు నుంచి ఊడి దొర్లుకుంటూ వచ్చినవి, ఎక్కువ దూరం వచ్చి ఉంటే కరిగిపోయేవి కాబట్టి మూలం దగ్గరలోనే వెతకండి. అన్నిటికంటే పైన పలుచటి బురద పొర, ఎండి పగిలిన పెచ్చులు, అది నిలిచిపోయిన నీళ్లు చివరిగా వదిలింది.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటుకు అవకాశం ఉంది. మూడు పొరలు కనబడగానే మూడు వరదలు అనొద్దు. ఒకే వరదలో నీళ్లు ఊగిసలాడుతూ గంటల్లో పది పొరలు వేయగలవు. రెండు పొరల మధ్య ఎండిన పగుళ్లు, చీమల పుట్టల రంధ్రాలు, మొలిచిన గడ్డి వేర్లు, ఆకుల పలుచటి పొర, పశువుల అడుగులు ఉంటేనే మధ్యలో రోజులు గడిచాయని చెప్పొచ్చు. అవేమీ లేకుండా ముతక, సన్న, మళ్లీ ముతక అని వస్తే ఒకే వరదలో రెండు ఉధృతులు వచ్చి ఉండొచ్చు. చెయ్యేరులో ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది, ఎందుకంటే పైన పింఛ నుంచి వచ్చిన వరద ఒకటి, అన్నమయ్య కట్ట తెగినప్పుడు వచ్చింది ఇంకొకటి. ఊరివాళ్లు "ముందు కొంచెం వచ్చి, తర్వాత ఒక్కసారిగా గోడలాగా వచ్చింది" అని చెప్పి ఉంటే, గుంతలోనూ అదే వరస ఒకటికి నాలుగు చోట్ల కనబడితే, అప్పుడు గట్టిగా రాయండి. ఒక్క గుంతలో కనబడితే 'ఉండొచ్చు' అని మాత్రమే రాయండి.

ప్లాస్టిక్‌ను పారేయకండి. మేట లోపల దొరికే పాల ప్యాకెట్, షాంపూ ప్యాకెట్, చిప్స్ కవర్ మీద తయారీ తేదీ ఉంటుంది. ఆ పొర ఆ తేదీ తర్వాతే పడిందని అంతకంటే తేలిగ్గా చెప్పే దారి లేదు. ఏ లోతులో దొరికిందో రాసి కవర్‌లో పెట్టుకోండి.

ఈ మట్టి ఎక్కడిది?

మామూలు వానవరదకూ డ్యామ్ తెగిన వరదకూ తేడా పట్టించేది ఎక్కువగా ఇదే. డ్యామ్ తెగితే మూడు చోట్ల సరుకు కలుస్తుంది: తెగిన కట్ట మట్టి, జలాశయం అడుగున ఏళ్లుగా చేరిన ఒండ్రు, కట్టకు కింద నది కోసుకొచ్చిన ఇసుకా రాళ్లూ. అందుకే గండి దగ్గర మిగిలిన కట్ట మట్టి, ఖాళీ అయిన జలాశయం అడుగు ఒండ్రు, నది పాత ఇసుక, ఈ మూడింటి నమూనాలూ ముందే తీసిపెట్టుకోవాలి. ఇవి లేకుండా పొలంలో ఇసుకను ఎంత పరీక్షించినా అది ఎవరిదో చెప్పలేరు. కట్ట వాలు మీద పేర్చిన రాతి ముక్కలు, కాంక్రీటు పెచ్చులు ఎంత దూరం వెళ్లాయో మ్యాప్ మీద చుక్కలు పెట్టండి, వాటి మూలం ఒక్కటే కాబట్టి అవి చెప్పే దూరం ఖచ్చితం.

రాయి రకం కూడా చూడండి. చెయ్యేరు పైభాగం, బాహుదా, పింఛ పారే రాయచోటి వైపు, గ్రానైట్ లాంటి రాళ్ల నేల. అక్కణ్నుంచి వచ్చిన ఇసుకలో గాజులాంటి క్వార్ట్జ్‌తో పాటు గులాబీ, తెలుపు ఫెల్డ్‌స్పార్ రేణువులు ఉంటాయి. కొండలు దాటి రాజంపేట వైపు వస్తే కడప రాళ్లు, అంటే గట్టి క్వార్ట్జైట్, చీలిపోయే పలకరాయి. (1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతపు పాత రాతి పొరల్లో ఒక సమూహానికి చెయ్యేరు పేరే పెట్టాడు, ఇక్కడి జియాలజీ పిల్లలకు అది తెలిసుండాలి.) గుప్పెడు ఇసుకను తెల్ల కాగితం మీద పరిచి ఫెల్డ్‌స్పార్ ఎంత, పలకరాయి తునకలు ఎంత అని లెక్కపెడితే దూరపు సరుకెంతో దగ్గరి సరుకెంతో అంచనా వస్తుంది.

రాళ్లతో వేగం లెక్క

వరద వదిలిన చదునైన రాళ్లు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, వాటి వాలు దిగేది, అంటే కింది అంచు ఉండేది, నది ఎగువ వైపుకు. మొదటిసారి చూసేవాళ్లు దీన్ని తిరగేసి చదువుతారు, జాగ్రత్త.

వరద కదిపిన అతి పెద్ద రాళ్లు ఐదు ఎంచుకోండి. వరదే తెచ్చిందని రుజువుండాలి: కింద గడ్డో ప్లాస్టిక్కో నలిగి ఉండటం, మీద తాజా దెబ్బల గుర్తులు, వరదకు ముందు ఫొటోలో అక్కడ రాయి లేకపోవడం. ప్రతి రాయికీ పొడవు, వెడల్పు, మందం మూడూ కొలిచి, అందులో మధ్య కొలతల సగటు తీయండి. అమెరికా శాస్త్రవేత్త జాన్ కోస్టా 1983లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ సగటును మిల్లీమీటర్లలో తీసుకుని 0.487 ఘాతానికి పెంచి 0.18తో గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో వస్తుంది. 500 మిల్లీమీటర్ల రాయికి దాదాపు 3.7 మీటర్లు, 1,000 మిల్లీమీటర్ల రాయికి దాదాపు 5.2 మీటర్లు. 50 మిల్లీమీటర్ల కంటే చిన్న రాళ్లకు ఇది వాడొద్దు. అలాగే పెద్ద రాళ్లే లేని చోట నీళ్లు ఎంత వేగంగా వచ్చినా పెద్ద రాయి దొరకదు, కాబట్టి వచ్చిన అంకెను కనీస వేగం అనుకోండి.

శాంపిల్, జల్లెడ, సీసా

పొరకు ఒక్కో అర కిలో చాలు. కవర్ మీద గుంత నంబరు, లోతు, తేదీ, లోపల ఒక చీటీలో మళ్లీ అదే, ఎందుకంటే మార్కర్ చెరిగిపోతుంది. ఎండబెట్టి జల్లెడ పట్టండి, 2 మిల్లీమీటర్ల పైన ఉన్నవి గులకలు, 2 నుంచి 0.063 దాకా ఇసుక, అంతకంటే తక్కువ ఒండ్రు, బంక. జల్లెడలు లేకపోతే గాజు సీసాలో మట్టి, నీళ్లు, చిటికెడు డిటర్జెంట్ వేసి బాగా ఊపి పెట్టండి. ఇసుక నిమిషం లోపే దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటలు, బంక రోజులు తీసుకుంటుంది. స్కేలుతో ఒక్కో పొర కొలిస్తే శాతాలు వస్తాయి. ఉజ్జాయింపే, అయినా గుంతకూ గుంతకూ పోల్చుకోవడానికి సరిపోతుంది.

మేట ఎంత, రైతుకు ఏం చెప్పాలి

మందం కొలవడానికి ప్రతిచోటా గుంత అక్కర్లేదు, ఇనుప కడ్డీ గుచ్చితే పాత గట్టి నేల చేతికి తెలుస్తుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు. సగటు మందం 60 సెంటీమీటర్లు అయితే ఎకరానికి సుమారు 2,430 ఘనమీటర్ల ఇసుక, ఘనమీటరు 1.6 టన్నులు వేసుకుంటే దాదాపు 3,900 టన్నులు. ట్రాక్టర్ ట్రాలీలో 3 ఘనమీటర్లు పడుతుందనుకుంటే 800 ట్రిప్పులు. ఈ లెక్కను కాగితం మీద రాసి రైతు చేతికి ఇవ్వండి, ఎకరానికి ఇంత అని ఎవరైనా పరిహారం మాట్లాడినప్పుడు ట్రిప్పుల లెక్క ఆయన దగ్గర ఉండాలి.

మందంతో పాటు ఏం పడిందన్నది కూడా ఆయనకు కావాలి. నాలుగు వేళ్ల మందం ఒండ్రు అయితే లోతుగా దున్ని కలిపేయొచ్చు, ఒక్కోసారి మేలే చేస్తుంది. ముతక ఇసుక జానెడు దాటితే నీళ్లు, ఎరువు నిలవవు, తీయక తప్పదు. తీసేటప్పుడు పాత నేల పైమట్టి ఇసుకతో పాటు పోకుండా చూసుకోమని చెప్పండి, మీరు గుంతల్లో కొలిచిన లోతులు జేసీబీ డ్రైవర్‌కు అక్కడే పనికొస్తాయి. పంట వేసేముందు భూసార పరీక్ష చేయించమనండి.

వంకల్లో పాత వరదలు

చివరిగా, ఓపిక ఉన్నవాళ్లకు. నదిలో పెద్ద వరద వచ్చినప్పుడు పక్క వంకల్లోకి నీళ్లు వెనక్కి తన్ని, అక్కడ నిశ్శబ్దంగా నిలిచి సన్న ఇసుక, ఒండ్రు దించుతాయి. ఆ మేట పైభాగం ఎత్తు కొలిస్తే వరద కనీసం అంత ఎత్తు వచ్చిందని అర్థం. ఈ వంక మూలల్లో కొత్త మేట కింద పాత మేటలు కూడా ఉండొచ్చు, మధ్యలో వేర్లు, ఆకులు, నల్లబడ్డ మట్టితో. మన దేశంలో నర్మద లాంటి నదుల మీద శతాబ్దాల నాటి వరదల్ని ఇలాగే బయటకు తీశారు. బొగ్గు ముక్క దొరికితే ప్లాస్టిక్ తగలకుండా రేకు కాగితంలో చుట్టి పెట్టండి, మేట వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు పనికొస్తుంది. ఇసుక చివరిసారి వెలుగు చూసింది ఎప్పుడో చెప్పే ఓఎస్ఎల్ పరీక్షకు అయితే వెలుగు చొరని ఇనుప గొట్టాన్ని గోడలోకి కొట్టి, రెండు చివర్లూ నల్ల టేపుతో మూసేయాలి, ఈ నమూనా తీయడం ముందే ల్యాబ్‌వాళ్లతో మాట్లాడుకుని చేయండి.

మొత్తం అయ్యాక గుంతలు పూడ్చండి, పశువులు పడతాయి. గుంతల మ్యాప్, పొరల బొమ్మలు, చారల ఎత్తులు ఒక ఫైలుగా చేసి ఒక కాపీ పంచాయతీకి, ఒకటి కాలేజీ లైబ్రరీకి, ఒకటి ఇరిగేషన్ డివిజన్ ఆఫీసుకు ఇవ్వండి. మరుసటి వానాకాలం దాటాక అవే గుంతల దగ్గరికి వెళ్లి మళ్లీ మందం కొలవండి, ఎంత కొట్టుకుపోయిందో, ఎంత ట్రాక్టర్లకు ఎక్కిందో విడివిడిగా రాయండి.